వండిన పాస్తా ఫ్రీజర్‌లో ముద్దవుతోందా? ముందు పొయ్యి దగ్గర చూసుకోండి

రాత్రి డ్యూటీలు చేసే నర్సు ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఆదివారం కిలో పెన్నె (పొట్టి గొట్టాల్లాంటి) పాస్తా ఒకేసారి ఉడికించి, చల్లారాక పెద్ద డబ్బాలో నింపి ఫ్రీజర్‌లో పెట్టారట. బుధవారం తీస్తే డబ్బా ఆకారంలోనే ఇటుకలా వచ్చింది. వేడి చేస్తే పైన గుజ్జు, లోపల మంచు. పిల్లలు ముట్టలేదు. అసలు పాస్తా ఫ్రీజర్‌లో పెట్టదగినదేనా, పెడితే ఎన్నాళ్లు ఉంటుంది, వైట్ సాస్ కలిపి పెట్టవచ్చా, కరెంటు పోతే ఏమిటి సంగతి అన్నవి ఆమె సందేహాలు.

పెట్టదగినదే అండి. హైదరాబాదులో ఒక హోటల్ విందుల వంటగదిలో 11 ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు ఉద్యోగాలకు వెళ్లే దంపతుల ఇళ్లకు వారానికి సరిపడా వంట చేసి, పొట్లాలు కట్టి ఇస్తున్నాను. మన పెళ్లిళ్లలో పాస్తా కౌంటర్ చూసే ఉంటారు. ప్లేటు పట్టుకుని నిలబడగానే మూడు నిమిషాల్లో పెనం మీద ఎగరేసి ఇస్తారు కదా, అది అప్పటికప్పుడు ఉడికించిన పాస్తా కాదు. మధ్యాహ్నమే ముప్పావు వంతు ఉడికించి, నూనె పట్టించి, ట్రేలలో పరిచి, చల్లని గదిలో పెట్టి ఉంచినది. మిగిలిన పావు వంతు మీ కళ్లముందు సాస్‌లో ఉడుకుతుంది. మీరు ఇంట్లో చేయవలసింది కూడా ఇంతే. మీరు పూర్తిగా ఉడికించి దాచారు. పూర్తిగా ఉడికినదాన్ని మళ్లీ వేడి చేయడమంటే మళ్లీ ఉడికించడమే, అప్పుడది గుజ్జు కాక ఏమవుతుంది?

ప్యాకెట్ మీద 11 నిమిషాలు అని ఉంటే నేను 9 నిమిషాలకే దించేస్తాను. గడియారం కన్నా నమ్మకమైన పరీక్ష ఒకటుంది. ఒక పెన్నె తీసి చాకుతో అడ్డంగా కోసి, గోడ మందాన్ని వెలుతురులో చూడండి. బయటి అంచులు పసుపుగా, కాస్త పారదర్శకంగా ఉండి, మధ్యలో సుద్దముక్కతో గీసినట్టు సన్నని తెల్లని గీత కనిపిస్తుంది. అది పచ్చి పిండి. అన్నం మెతుకు నలిపి పలుకు ఉందో లేదో చూస్తామే, అదే పని. గీత లావుగా ఉంటే ఇంకో నిమిషం ఉంచండి. వెంట్రుకంత సన్నబడితే వెంటనే దించండి. పూర్తిగా మాయమైతే మాత్రం ఆ పూటకే తినేయండి, ఫ్రీజర్‌కు పనికిరాదు.

ఇక నీళ్ల విషయం. 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు, లీటరుకు సుమారు 10 గ్రాముల ఉప్పు. అంటే కిలోకు 10 లీటర్లు కావాలి. మన ఇళ్లలో అంత గిన్నె ఉండదు, ఉన్నా ఒక్క పొయ్యి మీద అన్ని నీళ్లు మరిగేసరికి పొద్దు వాలుతుంది. మీరు 5 లీటర్ల గిన్నెలో కిలో వేసి ఉంటారని నా అనుమానం. అలా వేస్తే మరుగు ఒక్కసారిగా ఆగిపోతుంది, మళ్లీ మరిగేలోపు పాస్తా గోరువెచ్చటి గంజిలో నానుతూ పైపైన జిగురెక్కుతుంది. ఆ జిగురే ఫ్రీజర్‌లో సిమెంటు పని చేసింది. అర కిలో చొప్పున రెండు విడతలుగా చేయండి. మొదటి విడత నీళ్లలోనే రెండోది కూడా ఉడికించవచ్చు, కాసిని వేడినీళ్లు కలుపుకుంటే చాలు.

ప్యాకెట్ వెనక పదార్థాల వరుస కూడా చదవండి. డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉన్నదే తీసుకోండి. మన బన్సీ రవ్వ ఈ జాతి గోధుమదే. ఈ గోధుమలో మాంసకృత్తులు ఎక్కువ. ఉడికేటప్పుడు గ్లూటెన్ అనే జిగురు వలలా అల్లుకుని, ఉబ్బిన పిండి రేణువులను బయటికి పోకుండా పట్టి ఉంచుతుంది. చవకరకం ప్యాకెట్లలో మైదా కలుస్తుంది. వాటిలో ఆ వల బలహీనంగా ఉంటుంది. వేడిగా తినేటప్పుడు తేడా అంతగా తెలియదు కానీ, ఒకసారి గడ్డకట్టి కరిగితే బండారం బయటపడుతుంది.

వార్చిన తర్వాతి అరగంట చాలా ముఖ్యం. చిల్లుల గిన్నెలో వార్చి అలాగే వదిలేస్తే, ఆ వేడికి లోపల పాస్తా ఉడుకుతూనే ఉంటుంది. చల్లటి నీళ్లు పోయాలా వద్దా అని వంటవాళ్ల మధ్య ఎప్పుడూ ఉండే తగవు. వెంటనే సాస్‌లో కలిపి తినేదానికి పోయకూడదు, పైన ఉన్న పిండి పోతే సాస్ పట్టదు. దాచేదానికి పోయవచ్చు. అయితే కుళాయి నీళ్లు మాత్రం వద్దు. ఉడికిన పదార్థం మీద కాచని నీళ్లు పోసి, దాన్ని నెల రోజులు దాచి పిల్లలకు పెట్టడం నాకు మనస్కరించదు. తాగే నీళ్లే చల్లబరిచి పోయండి. నేనైతే అసలు నీళ్ల జోలికి పోను. పులిహోరకు అన్నం ఆరబెట్టినట్టు వెడల్పాటి పళ్లెంలో పరిచి, అర కిలోకు ఒక పెద్ద చెంచా నూనె చల్లి, గరిటె వెనకవైపుతో మెల్లగా కదిపి, ఫ్యాను కింద పెడతాను. పావుగంటలో ఆవిరి ఆగుతుంది, పైన చెమ్మ ఆరుతుంది. చేత్తో పట్టుకుంటే ఒక్కొక్కటీ విడిగా జారాలి. పులిహోర కలపడం వచ్చినవారికి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

ఆరబెట్టమన్నాను కదా అని ఆ పళ్లెం వంటగదిలో మరిచిపోకండి. బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి ఉంది. అన్నంలో, పాస్తాలో దాని బీజాలు ఉడికించినా చావవు. గది వేడిలో గంటల తరబడి వదిలేస్తే అవి మేల్కొని పెరుగుతాయి. కొన్ని రకాలు వదిలే విషం ఎంత మరిగించినా పోదు, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. వండిన రెండు గంటల్లోపు చలిలోకి వెళ్లాలన్నది లెక్క. గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటలోపే. ఏప్రిల్, మే నెలల్లో మన వంటగదులన్నీ ఈ రెండో లెక్క కిందికే వస్తాయి. రాత్రి వండి తెల్లవారాక ఫ్రీజర్‌లో పెడతానంటే వద్దనే చెబుతాను. చద్దన్నం తిని పెరిగినవాళ్లం, మాకేమవుతుంది అనేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. చద్దన్నం రాత్రంతా పులిసిన అన్నం, దాని పులుపే దానికి కాపలా. పాస్తాకు ఆ పులుపు లేదు, కాబట్టి ఆ ధీమా ఇక్కడ చెల్లదు. మీరు ఆసుపత్రిలో పనిచేసేవారు, ఈ మాట మీకు ఎక్కువగా చెప్పనక్కర్లేదు. మీ అత్తగారికో అమ్మగారికో వినిపిస్తారని రాశాను.

ఇక గడ్డకట్టించడం. నేను పనిలో చేరిన మొదటి ఏడాది జరిగిన సంగతి చెబుతాను. వానకు ఒక విందు రద్దయింది. ఉడికించి ఉంచిన స్పగెట్టి గుట్టలుగా మిగిలింది. పారేయడం ఎందుకని మూడు లోతైన తొట్లలో కుక్కి ఫ్రీజర్‌లోకి తోసేశాను. రెండు రోజుల తర్వాత మా వంటగది పెద్దాయన తొట్టిని బల్ల మీద బోర్లించారు. పడిన దిమ్మ శబ్దానికి పాత్రలు తోమేవాళ్లు కూడా తల తిప్పి చూశారు. ఆయన ఒక్క మాట అనలేదు. ఒక పెద్ద కత్తి నా చేతికిచ్చి, "కొయ్యి" అన్నారు. కోస్తే పై రెండంగుళాలు రాయి. నడిమి భాగం మాత్రం మెత్తగా, తడిగా, పుల్లటి వాసన కొడుతోంది. బయట గడ్డకట్టినా లోపల వేడి పోవడానికి దారి లేక, ఎన్నో గంటలు గోరువెచ్చగానే ఉండిపోయింది. మీ డబ్బాకు జరిగింది దీనికి చిన్న తమ్ముడే.

నెమ్మదిగా గడ్డకడితే మంచు పలుకులు పెద్దవిగా పెరిగి, పాస్తా లోపలి వలను చీల్చేస్తాయి. కరిగినప్పుడు ఆ చీలికల్లోంచి నీరు కారిపోయి, గోడ కూలినట్టు మెత్తబడుతుంది. త్వరగా గడ్డకడితే పలుకులు సన్నగా ఉంటాయి, నష్టం తక్కువ. 1910లలో ఇప్పటి కెనడాలోని లాబ్రడార్‌లో క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికన్ ఈ సంగతే గమనించాడు. అక్కడి ఇన్యూట్ ప్రజలు పట్టిన చేప ఆ చలిగాలికి చూస్తుండగానే బిగుసుకుపోయేది, నెలల తర్వాత వండినా తాజా రుచి ఉండేది. ఆయన 1920లలో దాన్నే వ్యాపారం చేశాడు. మన ఇంటి ఫ్రీజర్‌కు ఆ చలిగాలి లేదు. కాబట్టి మనం చేయగలిగింది పలచగా పరచడమే.

పళ్లెం మీద వెన్న కాగితం వేసి, ఆరిన పాస్తాను ఒకే వరుసగా పరిచి, గంటన్నర నుంచి రెండు గంటలు ఫ్రీజర్‌లో ఉంచండి. గులకరాళ్లలా గలగలమంటాయి. అప్పుడు జిప్ సంచుల్లోకి ఎత్తండి. పళ్లెం పట్టే చోటు లేదంటే నేరుగా సంచిలోనే నింపి, పలచటి నోటుపుస్తకం మందానికి నొక్కి, గాలి పూర్తిగా తీసేసి పడుకోబెట్టండి. గాలి మిగిలితే మంచు ఆవిరైపోయి, పాస్తా అంచులు తెల్లగా ఎండిపోతాయి. 100 గ్రాముల ఎండు పాస్తా ఉడికాక సుమారు 220 గ్రాములు తూగుతుంది. అది పెద్దవారికి కడుపునిండా ఒక పూట. పిల్లలకైతే అందులో సగం. ఒక పూటకు ఒక సంచి అన్నది మాత్రం మార్చకండి. పెద్ద సంచి విప్పి సగం తీసుకుని మిగతాది మళ్లీ లోపల పెట్టడం మొదలైతే, నాలుగు రోజుల్లో అంతా మంచు పట్టిన ముద్ద అవుతుంది.

మైనస్ 18 డిగ్రీల దగ్గర నిలిచే ఫ్రీజర్‌లో పాస్తా చెడిపోదు, రుచి మాత్రం తగ్గుతూ వస్తుంది. రెండు నెలలు హద్దుగా పెట్టుకోండి. నేను మా వాళ్లకు ఆరు వారాలే చెబుతాను. మీది ఒకే తలుపు ఫ్రిజ్, లోపల చిన్న మంచు అర ఉన్నదైతే అంత నమ్మకం పెట్టుకోవద్దు. అందులో ఐస్‌క్రీం చెంచా దిగనంత గట్టిగా ఉంటే ఫర్వాలేదు. మెత్తగా ఉంటే రెండు వారాల్లో తినేయండి. పక్కన రొయ్యలో ఎండుచేపలో ఉంటే పాస్తాను రెండు సంచుల్లో కట్టండి. పిండి పదార్థం వాసన ఎంత బాగా పడుతుందో నాకు ఒక చిన్నారి పుట్టినరోజు విందులో తెలిసింది. ఆ కథ ఇప్పుడెందుకు లెండి.

ఆకారాల్లో పెన్నె, ఫుసిల్లి, రిగటోని, మాకరోని లాంటి మందమైనవన్నీ నిలుస్తాయి. స్పగెట్టిని ఒక్కొక్కరికి సరిపడా పిట్టగూడులా చుట్టి పెడితే సరిపోతుంది. వెంట్రుకల్లాంటి సన్నరకాలు వద్దు. సేమ్యా ఉప్మా మిగిలితే పెట్టవచ్చా అని కూడా చాలామంది అడుగుతారు. పెట్టవద్దు, తీశాక అది పాయసానికి కూడా పనికిరాదు.

వైట్ సాస్ కలిపి పెట్టవద్దు. పాలు, క్రీము ఉన్న సాస్ గడ్డకట్టి కరిగితే విరిగినట్టు నీళ్లు ఒకవైపు, కొవ్వు రేణువులు ఒకవైపు అవుతుంది. కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచినది మరీ అన్యాయం, స్పాంజి పిండినట్టు నీరు వదులుతుంది. వెన్నలో మైదా వేయించి పాలు పోసి చేసినది కాస్త నయం. దాన్ని విడిగా, మామూలుకన్నా చిక్కగా చేసి దాచుకుని, వేడి పాలు పోస్తూ గట్టిగా గిలక్కొడితే మళ్లీ దారికి వస్తుంది. చీజ్ ఎప్పుడూ చివర, వేడి చేసేటప్పుడే. నిజానికి వైట్ సాస్ అప్పటికప్పుడు చేసినా ఎనిమిది నిమిషాల పని, దాచడానికి ఇంత తంటా అక్కర్లేదు.

దాచవలసింది టమాటా సాస్. ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వారంలో ఒక్క పని చేసే ఓపికే ఉందంటే, పాస్తా ఉడికించి దాచకండి, సాస్ చేసి దాచుకోండి. పాస్తా ఉడకడానికి నీళ్లు మరగడంతో కలిపి అరగంట లోపే. మంచి సాస్‌కు ఉల్లి, వెల్లుల్లి వేగి, టమాటా దగ్గరపడి, నూనె తేలేసరికి 50 నిమిషాలు పొయ్యి దగ్గర నిలబడాలి. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయి, బండ్ల మీద టమాటా కుప్పలుగా అమ్మే వారం వస్తుంది చూడండి, అప్పుడు అయిదు కిలోలు తెచ్చి ఒకేసారి చేసేయండి. రెండు మూడు నెలలు రుచి చెక్కుచెదరదు. కీమా కలిపినా బాగుంటుంది. బఠాణీ, మొక్కజొన్న గింజలు, క్యారెట్ నిలుస్తాయి. క్యాప్సికం మెత్తబడుతుంది, బంగాళాదుంప ఇసుకలా అవుతుంది, ఉడికించిన గుడ్డు రబ్బరే.

ఆదివారం కాస్త ఎక్కువ తీరిక దొరికితే, సాస్‌తో కలిపి ట్రేలో పేర్చిన బేక్డ్ పాస్తా చేసి పెట్టండి. ఫ్రీజర్ కోసమే పుట్టిందా అనిపించే వంటకం అది. ట్రేలో ముందు అల్యూమినియం కాగితం పరిచి, పాస్తా, సాస్ పేర్చి గడ్డకట్టించండి. తర్వాత కాగితంతో సహా ఎత్తి చుట్టేస్తే ట్రే మీ చేతికి ఖాళీగా వచ్చేస్తుంది. తినే ముందురోజు రాత్రి కాగితం ఊడదీసి అదే ట్రేలో దించి, కింది ఫ్రిజ్‌లో పెట్టండి. మరునాడు మూత కప్పి 180 డిగ్రీల ఓవెన్‌లో 40 నిమిషాలు, మూత తీసి, చీజ్ చల్లి ఇంకో 10. గాజు పాత్రను ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా ఓవెన్‌లో పెట్టకండి, పగులుతుంది. మధ్యలో 74 డిగ్రీలు రావాలి. థర్మామీటర్ లేకపోతే నడిమధ్యకు చాకు గుచ్చి, పది లెక్కపెట్టి తీసి, మొన తాకి చూడండి, చురుక్కుమనాలి.

విడి పాస్తాను కరిగించే పనే పెట్టుకోకండి. బయట పెట్టి కరిగిస్తే నీరు కారి, మనం పడ్డ శ్రమంతా పోతుంది. మరిగే నీళ్లలో గడ్డ గడ్డగానే వేసి, నీళ్లు మళ్లీ మరగడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచి వార్చండి. ఇంకా మంచి దారి సాస్. సాస్ పొట్లం పెనంలో కరిగి బుడగలు వచ్చాక అర గ్లాసు నీళ్లు పోసి, పాస్తా వేసి, మూత పెట్టి నాలుగు నిమిషాలు. ఆ తెల్లని గీత ఇప్పుడు మాయమవుతుంది, రుచి కూడా లోపలికి పడుతుంది. మైక్రోవేవ్ అయితే రెండు చెంచాల నీళ్లు చిలకరించి, మూత కప్పి ఒకటిన్నర నిమిషం, తీసి కలిపి, పొగలు కక్కేదాకా ఇంకో నిమిషం పైన. ఒకసారి వేడి చేశాక మిగిలినదాన్ని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకండి.

కరెంటు సంగతి. తలుపు తీయకుండా ఉంటే నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చలి నిలుపుకుంటుంది. రెండు మూడు గంటల కోతకు భయపడనక్కర్లేదు. ఖాళీ చోట నీళ్ల సీసాలు, మూతి దగ్గర కాస్త వెలితి ఉంచి, పెట్టేయండి. ఊరికి వెళ్లేటప్పుడు ఒక గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. తిరిగి వచ్చేసరికి బిళ్ల మంచు అడుగున ఉంటే, మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. లోపలివన్నీ మొహమాటం లేకుండా పారేయండి.

ఈ ఆదివారం కిలో వద్దు, అర కిలోతో మొదలుపెట్టండి. సుమారు కిలో వంద గ్రాముల ఉడికిన పాస్తా వస్తుంది. పెద్దవి మూడు, పిల్లలవి నాలుగు పొట్లాలవుతాయి. చెరగని పెన్నుతో సంచి మీద తేదీ ముందే రాయండి, గడ్డకట్టాక సిరా పట్టదు. తేదీ కింద "ఇంకా 2 నిమిషాలు ఉడకాలి" అని కూడా రాయండి. మీరు రాత్రి డ్యూటీలో ఉన్నప్పుడు దాన్ని పెనంలో వేసేది మీ వారే కదా.